ఫైలున్నదా, లేదా?



కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొనువారు తొలి వారములలోనే అడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యా, నేను తెరువబోవు ఫైలు ఉన్నదో లేదో ప్రోగ్రాము ముందుగా తెలిసికొనుట యెట్లు?" అని. దీనికి ఒక్క పంక్తిలో జవాబు చెప్పవచ్చును. మేమును అనేక సంవత్సరములు అట్లే చెప్పుచు వచ్చితిమి. పైథాన్ భాషలో 'ఓఎస్ డాట్ పాత్ డాట్ ఎగ్జిస్ట్స్' అను పనిముట్టు కలదు. దానికి ఫైలు పేరు నందిచ్చినచో, ఫైలున్నయెడల 'ట్రూ' అనియు, లేనియెడల 'ఫాల్స్' అనియు పలుకును. పిల్లలు దీనిని నోటుబుక్కులలో వ్రాసికొనిరి. పరీక్షలో మార్కులును తెచ్చుకొనిరి. ఆ జవాబు చాలదని మాకు తెలియవచ్చినది పుస్తకములో కాదు, లక్డారములోని యొక రాతి క్వారీలో.

పటాన్‌చెరువు మండలములోని లక్డారము గ్రామము నెరుగనివారు మన పాఠశాలలో అరుదు. రాతి క్వారీలును, కంకర క్రషర్లును గల యూరు. ఆ పనిమీద బ్రతుకు కుటుంబముల పిల్లలు మన తరగతులలో చదువుచున్నారు. అచటి యొకచోట కూలివారు దినకూలికిగాక ట్రిప్పుల లెక్కకు పనిచేయుదురు. ట్రాక్టరు నిండ రాయి ఎత్తినచో ఒక ట్రిప్పు. గుమాస్తా ఆ లెక్కను కాగితముమీద వ్రాసికొనెడివాడు. మూడు సంవత్సరముల క్రిందట ఆయన మా యొద్దకు వచ్చి, ఈ లెక్కకొక చిన్న ప్రోగ్రాము వ్రాసి యిమ్మని కోరెను. మేమును, పదియవ తరగతి విద్యార్థులు నలుగురును కలిసి రెండు శనివారములు కూర్చుండి వ్రాసి యిచ్చితిమి. కంప్యూటరు పాతది, అందు లైనక్స్ ఉండెను. యంత్రము చెడిపోయినను లెక్క మిగులవలెనను తలంపుతో, లెక్కల ఫైలును ఒక పెన్‌డ్రైవులో ఉంచు నేర్పాటు చేసితిమి.

ప్రోగ్రాము చేయు పని యిది. కూలివాని పేరును ట్రిప్పు సంఖ్యయు టైపు చేయగానే, లెక్కల ఫైలున్నదా యని అది విచారించును. ఉన్నచో తుదిని ఒక పంక్తి చేర్చును. లేనిచో క్రొత్త ఫైలు సృష్టించి అందు వ్రాయును. ఇందులో తప్పేమున్నదని మీరడుగుదురేమో. మాకును కనబడలేదు.

వానకాలమున ఒకనాటి రాత్రి కరెంటు పోయి, తెల్లవారి మరల వచ్చినది. గుమాస్తా కంప్యూటరును ప్రారంభించి ఎప్పటివలె పని సాగించెను. ప్రోగ్రాము ఏ తప్పును చూపలేదు. అట్లు పదునొకండు దినములు గడచినవి. పండ్రెండవనాడు మేము వేరొక పనిమీద అటు పోయి, పెన్‌డ్రైవు యంత్రమునకు గుచ్చియున్నను లోపల కలుపబడకుండుట చూచి, కలిపి వచ్చితిమి. మేలు చేసితిమనియే అనుకొంటిమి. పదునైదు దినములకొకసారి కూలి పంచు రోజు వచ్చినది. ఫైలు తెరచి చూడగా మొదటి నాలుగు దినముల లెక్క తప్ప తరువాతి పదునొకండు దినములలో ఒక్క ట్రిప్పును లేదు.

"కంప్యూటరులో లేదు" అని గుమాస్తా చెప్పెను. ఆయన అబద్ధమాడలేదు, తెరమీద కనబడినదే చెప్పెను. కూలివారు తమలో తాము గుసగుసలాడిరి. వారిలో ఒక పెద్దాయన, మా విద్యార్థికి తాత, మా యొద్దకు వచ్చి, "సారూ, నేను పనిచేసిన. మా ఇంట్ల గోడమీద బొగ్గుతోని గీతలు గీసుకున్న. వచ్చి చూసుకోండ్రి" అని పలికెను. పోయి చూచితిమి. పదునొకండు దినములకు నలువది మూడు గీతలు, దినమునకొక వరుసగా ఉన్నవి. ఆ వరుసల ముందు నిలిచినప్పుడు మాకు కలిగిన సిగ్గును ఇచట వర్ణింపము. ఆ నలువది మూడు ట్రిప్పుల కూలి ఆ యింట పదునైదు దినముల బియ్యము, నూనె, పిల్లవాని బస్సు పాసు.

ఒకటిన్నర దినము వెదకిన పిదప కారణము చిక్కినది. అది తెలియుటకు మొదట ఫైలున్నదను మాటకు కంప్యూటరులో అర్థమేమో తెలిసికొనవలెను.

మన పాఠశాల కార్యాలయములో అడ్మిషను రిజిస్టరు కలదుగదా. ఒక విద్యార్థి ఉన్నాడా యని అడిగినచో గుమాస్తాగారు తరగతులన్నియు తిరిగి ముఖములు చూడరు. రిజిస్టరు తెరచి పేరు వెదకుదురు. కంప్యూటరును అట్లే చేయును. ఫోల్డరనునది వస్తువులు నింపిన పెట్టె కాదు, పేర్ల పట్టిక. ప్రతి పేరునకెదుట ఒక సంఖ్య యుండును. 1969లో బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు ప్రారంభించిన యూనిక్స్ పద్ధతిలో ఆ సంఖ్యకు ఐనోడు సంఖ్య యని పేరు. ఫైలు ఎంత పెద్దది, ఎవరిది, ఎవరు చదువవచ్చును, దాని విషయము డిస్కుపై ఎచటెచట పడియున్నది యను సంగతులు ఆ సంఖ్యను పట్టి దొరకును. కనుక 'ఉన్నదా' యని అడుగుట యనగా, చెప్పిన త్రోవవెంబడి ఒక్కొక్క పట్టికను చూచుచు పోయి, తుది పట్టికలో ఆ పేరు కలదా యని చూచుటయే.

లైనక్స్‌లో పెన్‌డ్రైవును కలుపుట యనగా ఒక ఖాళీ ఫోల్డరును దానికి ద్వారముగా నియమించుట. కలిపియున్నంతసేపు ఆ ద్వారము తెరచినచో పెన్‌డ్రైవులోని పట్టిక కనబడును. కలుపనప్పుడు అదే ద్వారము వెనుక కంప్యూటరు సొంత డిస్కులోని ఖాళీ ఫోల్డరుండును. త్రోవ ఒక్కటే, గదులు రెండు. కరెంటు పోయి వచ్చిన ఉదయమున పెన్‌డ్రైవు కలియలేదు. మా ప్రోగ్రాము ద్వారము తెరచి చూచి, ఖాళీ గది కనబడగా, 'ఫైలు లేదు' అని నిర్ణయించి, ఆ గదిలోనే క్రొత్త ఫైలు సృష్టించినది. పదునొకండు దినముల లెక్క అందు సక్రమముగా చేరినది. పండ్రెండవనాడు మేము పెన్‌డ్రైవు కలుపగానే ఆ గది మరుగున పడి, పాత గది కనబడినది. లెక్క పోలేదు, మేమే దానిపై తలుపు వేసితిమి. పెన్‌డ్రైవును విడదీయగానే ఆ ఫైలు బయటపడినది. పెద్దాయన గోడమీది గీతలతో సరిచూడగా నలువది మూడునకు నలువది మూడును సరిపోయినవి. కూలి రెండు దినములు ఆలస్యముగా ముట్టినది.

మా తప్పెచటనో ఇప్పుడు చూడుడు. 'నేను చూచినచోట కనబడలేదు' అను మాటను 'లేదు' అను మాటగా మా ప్రోగ్రాము గ్రహించినది. అంతటితో ఆగక, లేదను నమ్మకముమీద క్రొత్తదానిని సృష్టించినది. నిజమునకు ఈ ప్రశ్నకు జవాబులు రెండు కావు, మూడు: ఉన్నది, లేదు, నాకు తెలియదు. రిజిస్టరున్న గదికి తాళము వేసియుండగా బయట నిలిచినవానిని "ఫలానా బాలుడున్నాడా?" యని అడిగినచో, బుద్ధిమంతుడైనవాడు 'తెలియదు' అనును. పైన చెప్పిన ఎగ్జిస్ట్స్ పనిముట్టు మాత్రము అట్లనదు. త్రోవలోని యొక ఫోల్డరులో ప్రవేశించుటకు అనుమతి లేనప్పుడును అది 'ఫాల్స్' అనియే పలుకును. మఱియొక ఫైలును చూపు గుర్తుమాత్రమై, అది చూపిన ఫైలు చెరిగిపోయియున్నను 'ఫాల్స్' అనియే పలుకును, గుర్తు పట్టికలో నిలిచియున్నను సరే. ఇది దాని దోషము కాదు. అది రెండు మాటలే నేర్చినది. మూడవ సంగతిని వానిలోనే ఇమిడ్చి చెప్పుచున్నది. పైథాన్ రచయితలు 2012లో వెలువడిన 3.3 కూర్పునుండి, ఫైలును తెరువబోయి విఫలమైనప్పుడు 'ఫైలు దొరకలేదు' అను తప్పును, 'అనుమతి లేదు' అను తప్పును వేర్వేరు పేర్లతో తెలుపు నేర్పాటు చేసిరి. కావున ముందుగా అడుగుటకంటె, తెరువబోయి, తెరచుకొననియెడల ఏల తెరచుకొనలేదో వినుటయే మేలు. ఆ భాషలో దీనికి 'ట్రై', 'ఎక్సెప్ట్' అను రెండు మాటలున్నవి.

పేరు విషయమున తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కులు కొన్ని కలవు. ఆంగ్ల పుస్తకములలో ఇవి సాధారణముగా కనబడవు గనుక ఇచట కొంచెము నిలిచి చెప్పెదము.

మన యూరి పేరునే చూడుడు. లక్డారం అని క కారము క్రింద డ వత్తు వచ్చునట్లు వ్రాయుదురు. లక్‌డారం అని పొల్లు విడిగా కనబడునట్లును వ్రాయుదురు. చదువరికి రెండును ఒక్క యూరే. కంప్యూటరునకు కావు. రెండవదానిలో పొల్లునకు తరువాత కంటికి కనబడని అక్షరమొకటి ఉన్నది. అది పక్కపక్క అక్షరములు కలియకుండ అడ్డునిలుచునది. ఒకరు మొదటి విధముగా ఫైలునకు పేరుపెట్టి, మఱియొకరు రెండవ విధముగా వెదకినచో, ప్రోగ్రాము 'లేదు' అని నిస్సంకోచముగా చెప్పును. పటాన్‌చెరువు అను పేరునకును ఇదే గతి. తరగతిలో ఈ సంగతి చెప్పగా ఒక బాలిక, "అట్లయిన మా యూరు కంప్యూటరులో రెండూళ్ళా, సారూ?" యని అడిగినది. అవును, రెండూళ్ళే.

ఇంతకంటె సూక్ష్మమైనది ఐ గుణింతము. 'పైకము' అను మాటలోని పై అను అక్షరమును రెండు విధముల నిలువచేయవచ్చును. యూనికోడులో ఐత్వమునకు సొంత సంఖ్య కలదు. అట్లుగాక ఎత్వపు సంఖ్యయు, దానిక్రింద చేరు చిన్న గుర్తు సంఖ్యయు వేర్వేరుగా వ్రాసినను, తెరమీద అదే పై కనబడును. యూనికోడు నియమముల ప్రకారము ఆ రెండును సమానములు. కాని ఫైళ్ళ పట్టిక ఆ నియమమును పాటింపవలెనను నిర్బంధము లేదు. ఆపిల్ కంపెనీవారు 1998లో తెచ్చిన డిస్కు పద్ధతి పేర్లను విడదీసిన రూపముననే నిలువచేసెడిది. లైనక్స్ సాధారణముగా ఇచ్చిన సంఖ్యలను ఇచ్చినట్లే ఉంచును. ఒక యంత్రమునుండి రెండవదానికి ఫైళ్ళు తరలించినప్పుడు 'పైకము' కంటియెదుట ఉన్నను, ప్రోగ్రాము దానిని కానదు. పైథాన్‌లోని 'నార్మలైజ్' అను పనిముట్టుతో రెండు పేర్లను ఒక్క రూపమునకు తెచ్చి పోల్చినచో ఈ చిక్కు తీరును. పొల్లు తరువాతి కనబడని అక్షరము మాత్రము ఆ పనిముట్టునకు లొంగదు; దానిని మనమే ఏరివేయవలెను, లేదా అందరును ఒకే వ్రాతకు కట్టుబడవలెను. ఇంగ్లీషు పేర్లకును ఇట్టిదొకటి కలదు: పెద్దబడి, చిన్నబడి అక్షరములు లైనక్స్‌నకు వేరు, విండోస్‌నకు సాధారణముగా ఒక్కటే.

ఇంతవరకు చెప్పినది స్థలమును గూర్చియు పేరును గూర్చియు. ఇక కాలము.

సాయంకాలము పటాన్‌చెరువులో సంగారెడ్డి బస్సునకై నిలిచినవారిని చూడుడు. బస్సు ఆగగానే అనుభవము లేనివాడు కిటికీలోనుండి తొంగిచూచి, సీటు ఖాళీయున్నదని సంతోషించి, తలుపువద్దకు పోయి మెట్లెక్కును. ఆలోపల ఆ సీటులో వేరొకరు కూర్చుందురు. అనుభవజ్ఞుడు తొంగిచూడడు. కిటికీలోనుండి తువ్వాలు సీటుమీద వేయును. పడినచో సీటు ఆయనది, అప్పటికే ఎవరైన ఉన్నచో తువ్వాలు వెనుకకు వచ్చును. చూచుటయు పట్టుకొనుటయు ఆయనకు ఒక్క పని. (ఈ యాచారము న్యాయమైనదని మేము చెప్పుటలేదు, ముసలివారు నిలుచుండుట మేమును చూచితిమి.)

మొదటివాడు చేసినదే మా ప్రోగ్రామును చేసెడిది. కొంతకాలమునకు ఆ క్వారీలో రెండవ కంప్యూటరు పెట్టి, రెండింటికి ఒకే ఫోల్డరు నుంచిరి. నెల మొదటి దినమున రెండు యంత్రములును ఒకే క్షణమున 'ఈ నెల ఫైలున్నదా?' యని అడిగినవనుకొనుడు. రెండింటికిని 'లేదు' అను జవాబే వచ్చును, రెండును నిజమే. పిదప మొదటిది ఫైలు సృష్టించి ఒక పంక్తి వ్రాయును. రెండవది తానెరిగిన పాత జవాబును నమ్మి మరల సృష్టించును. మనము సాధారణముగా వాడు 'డబ్ల్యు' అను రీతిలో తెరచినయెడల, ఉన్న ఫైలు మొదట ఖాళీ చేయబడును. మొదటి పంక్తి మాయము. ఇట్టి ప్రమాదమును గూర్చి 1996లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలోని మాట్ బిషప్, మైకేల్ డిల్గర్ అనువారు ఒక వ్యాసము ప్రకటించిరి. చూచిన సమయమునకును వాడిన సమయమునకును నడుమ దూరుటకు దొంగకును ఎడముండునని వారు విశదపరచిరి. అధికారము గల ప్రోగ్రాము ఒక సాధారణ ఫైలును పరీక్షించి, దానిని తెరచులోపల, దుర్మార్గుడు అదే పేరును రహస్యపు ఫైలువైపు త్రిప్పగలడు.

దీనికి తువ్వాలు వంటి యుపాయము కలదు. పైథాన్ 3.3 నుండి ఫైలును 'ఎక్స్' అను రీతిలో తెరువవచ్చును. అనగా, 'లేనియెడలనే సృష్టింపుము. ఉన్నయెడల నిరాకరింపుము' అని అర్థము. పరీక్షయు సృష్టియు ఒక్క పెట్టున కంప్యూటరు మూలవ్యవస్థయే చేయును గనుక నడుమ ఎవరును దూరలేరు. సి భాషలో 2011 నాటి ప్రమాణమున ఇట్టి రీతియే చేర్పబడినది. దీనికి ఎదురైన అక్కర 'ఆర్ ప్లస్' అను రీతి తీర్చును: 'ఉన్నయెడలనే తెరువుము, లేనియెడల సృష్టింపకుము' అని. 'ఏ' అను రీతి తుదిని చేర్చుటకు సులభముగా తోచును గాని, ఫైలు లేనిచో నిశ్శబ్దముగా సృష్టించును. మా కొంప ముంచినది ఈ నిశ్శబ్దమే.

ఉన్నదని తేలిన పిదప మఱియొక ప్రశ్న మిగిలియున్నది. పటాన్‌చెరువులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ మనకు దగ్గరిదే. అచటి విత్తననిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యముల రకములు లక్షా ఇరువది వేలకు పైగా భద్రపరుపబడియున్నవి. దీర్ఘకాలము నిలువచేయువానిని సున్నకు క్రింద 20 డిగ్రీల చలిలో ఉంచుదురు. ప్రతి రకమునకును పట్టికలో సంఖ్య యుండును. కాని పట్టికలో సంఖ్యయు, అరలో గింజలును ఉన్నంతమాత్రమున వారు తృప్తిచెందరు. కాలము వచ్చినప్పుడు కొన్ని గింజలు తీసి మొలకెత్తించి చూతురు. మొలక తగ్గినచో పొలములో విత్తి క్రొత్త గింజలు తీయుదురు. గింజ ఉన్నదనుట వేరు, మొలచుననుట వేరు.

ఫైలునకును ఇంతే. వ్రాయుచుండగా కరెంటు పోయినచో పేరు పట్టికలో నిలిచి, లోపల ఒక్క అక్షరమును లేకపోవచ్చును. ఎగ్జిస్ట్స్ పనిముట్టు అప్పుడును 'ట్రూ' అనును. కనుక తెరచి, చదివి, తుది పంక్తి పూర్తిగా ఉన్నదో లేదో చూడవలెను. ఫైలునంతటిని మార్చవలసివచ్చినప్పుడు వేరొక పేరుతో పూర్తిగా వ్రాసి, పిదప పాతపేరు దానికి పెట్టుట మంచిది; యూనిక్స్ జాతి యంత్రములలో ఆ పేరు మార్పు ఒక్క పెట్టున జరుగును గనుక, చూచువారికి పాతదో క్రొత్తదో కనబడును గాని సగము ఫైలు కనబడదు.

క్వారీ ప్రోగ్రామును ఆ నలుగురు విద్యార్థులే సవరించిరి. ఇప్పుడది ప్రతిదినము 'ఆర్ ప్లస్' రీతిలోనే తెరచును. ఫైలు దొరకనిచో పని ఆపి, ఎఱ్ఱని యక్షరములతో 'పెన్‌డ్రైవు కలిసియున్నదా చూడుడు' అని తెలుగులో చెప్పును. నెలకొక్కమారు మాత్రము గుమాస్తా స్వయముగా 'క్రొత్త నెల' అను మీట నొక్కినప్పుడు 'ఎక్స్' రీతిలో ఫైలు పుట్టును. పైథాన్‌లోని 'ఈజ్‌మౌంట్' అను పనిముట్టుతో ద్వారము వెనుక పెన్‌డ్రైవు నిజముగా కలిసినదో లేదో ముందు విచారించు పంక్తిని కూడ చేర్చిరి. ఊరి పేరును ఫైలు పేరునుండి తొలగించి, సంవత్సరమును నెలయు అంకెలలో పెట్టిరి. మొదట్లో గుమాస్తా, మాటిమాటికి ఆగుచున్నదని విసిగికొనెను. ఆగినప్పుడెల్ల పెన్‌డ్రైవు కదలియుండుట చూచి ఊరకుండెను. పెద్దాయన గోడమీద బొగ్గు గీతలు మానలేదు. ఆయన మనుమడు ప్రతి పదునైదు దినములకు ఆ గీతలను లెక్కించి, ఫైలుతో సరిచూచి మాకు చూపుచున్నాడు.

ఎనిమిదవ తరగతి మొదలు పైవారికి ఇంటిపని: లక్డారం అను పేరుతో ఒక ఫైలు, పొల్లు విడిచిన లక్‌డారం అను పేరుతో వేరొక ఫైలు ఒకే ఫోల్డరులో సృష్టింపుడు. ఒక్కొక్కదానిని రెండు వ్రాతలతోను వెదకించి, నాలుగు జవాబులను పట్టికగా వ్రాయుడు. పిదప ఆ ఫోల్డరునకు చదువు అనుమతి, ప్రవేశ అనుమతి ఒక్కొక్కటిగా తీసివేసి, జవాబులెట్లు మారునో చూడుడు. ఒక అనుమతి తీసినను జవాబు మారకపోవుట చూచి కొందరు ఆశ్చర్యపడుదురు. కారణము పైని చెప్పిన పట్టికల వివరములోనే ఉన్నది. నోటుబుక్కులు సోమవారము మాకందవలెను.